కరెంటు పోయిన మెట్ల మీద గ్లో స్టిక్కు

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందే చెన్నైని ముంచేసింది. కింది అంతస్తుల్లోకి నీళ్లొస్తే కరెంటు తీసేస్తారు. సెల్లారులోని జనరేటరు, ఇన్వర్టరు బ్యాటరీ మునిగితే మెట్లన్నీ చిమ్మచీకటే. అందుకే చెన్నైలోని వేళచ్చేరి, పల్లికరణై వైపు అపార్ట్‌మెంట్లలో వానలకు ముందు ఒక ప్రశ్న వినిపిస్తుంది: గ్లో స్టిక్కులు, అంటే వంచితే లోపలి రసాయనాలు కలిసి వెలిగే ప్లాస్టిక్ గొట్టాలు, కొనిపెట్టుకుంటే పనికొస్తాయా?

పనికొస్తాయి. అయితే దీపంగా కాదు, గుర్తుగా. మెట్టు అంచు ఎక్కడ, మలుపు ఎక్కడ, నీళ్లు ఎంతవరకు వచ్చాయో అవి చూపిస్తాయి. వంటకీ చదువుకీ ఎల్‌ఈడీ టార్చే కావాలి. మామూలు టార్చికి లేని గుణం ఒకటి గ్లో స్టిక్కుకుంది: నిప్పురవ్వ పుట్టే అవకాశమే లేదు, నీళ్లలో మునిగినా వెలుగుతూనే ఉంటుంది.

1960లలో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఎడ్విన్ చాండ్రాస్ వెలుగునిచ్చే ఈ రకం రసాయన చర్యను గమనించారు. అమెరికన్ సయనమిడ్ కంపెనీలో మైకేల్ రౌహట్ బృందం దాన్ని వాడుకకు తెచ్చింది. స్టిక్కును వంచితే టక్కుమని విరిగేది లోపలి గాజు గొట్టం. సాధారణంగా అందులో పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. బయటి ప్లాస్టిక్ గొట్టంలో ఆక్సలేట్ ఎస్టరు అనే రసాయనం, రంగు పదార్థం, నూనెలాంటి ద్రావకం ఉంటాయి. రెండూ కలిస్తే 1,2-డయాక్సిటేన్‌డయోన్ అనే నాలుగు మూలల వలయం పుడుతుంది. రెండు కార్బన్లూ రెండు ఆక్సిజన్లూ ఇరుకుగా బిగుసుకున్న ఆ వలయం నిలవలేదు. పక్కనున్న రంగు అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుని, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులుగా విడిపోతుంది. విడిపోతూ ఆ ఎలక్ట్రాన్‌ను తిరిగి ఇచ్చేస్తుంది. ఆ రాకతో రంగు అణువు ఉత్తేజితమై, అందిన శక్తిని కాంతిగా వదులుతుంది. మిణుగురు పొట్టలోనూ ఈ కుటుంబానికి చెందిన పెరాక్సైడ్ వలయమే విడిపోతుంది. చెట్ల మధ్య చల్లని వెలుగు చూపించి కొరివి దయ్యమని పిల్లల్ని భయపెట్టే బదులు ఈ సంగతి చెబితే ఎంత బాగుంటుంది!

ఇక అసలు విషయం, వేడి. గ్లో స్టిక్కును మేడమీది నీళ్ల ట్యాంకు అనుకోండి. అది ఫ్యాక్టరీలో ఒక్కసారే నిండుతుంది. దాని కొళాయి తిప్పేది ఉష్ణోగ్రత. 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. ప్యాకెట్టు మీది 12 గంటలన్నది 20, 22 డిగ్రీల గదికి వేసిన లెక్క. మే నెలలో చెన్నై గదిలో రాత్రిపూట 32 డిగ్రీలుంటే కొళాయి రెట్టింపు తెరిచినట్టే: వెలుగు ఎక్కువ, ఆయువు ఆరు గంటలు. 5 నిమిషాలు, 30 నిమిషాలు అని అమ్మే మహా కాంతివంతమైన రకాల్లో చర్యను వేగవంతం చేసే ఉత్ప్రేరకమే కొళాయిని బార్లా తెరిచి ఉంచుతుంది. ట్యాంకులో నీళ్లు తగ్గేకొద్దీ ధార సన్నబడినట్టే ఇక్కడా మొదటి గంట వెలుగు ఎనిమిదో గంటకు ఉండదు. కాబట్టి రాత్రంతా మెట్లకు ఒక్క స్టిక్కు చాలదు. ఏడింటికి ఒకటి, ఒంటిగంటకు ఇంకొకటి విరవాలి.

ఒకసారి విరిచాక ఈ కొళాయిని పూర్తిగా కట్టలేం, కానీ బిగించవచ్చు. 28 డిగ్రీల గదిలోంచి తీసి మంచుముక్కల మధ్య పెడితే చర్య వేగం సుమారు ఏడో వంతుకు పడిపోతుంది. పగలు థర్మకోల్ పెట్టెలో మంచుతో పెట్టి, రాత్రికి బయటికి తీస్తే మళ్లీ వెలుగు పెరుగుతుంది. తడిగుడ్డ చుట్టడం బెంగళూరు మార్చి పొడిగాలిలో కొంత పనిచేస్తుంది. చెన్నై డిసెంబరు తేమలో నీరు అంతగా ఆవిరవదు కాబట్టి పెద్దగా లాభం లేదు. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ మెత్తబడి పగలొచ్చు. ఒక స్టిక్కు గోరువెచ్చని నీళ్లలో, ఒకటి మంచునీళ్లలో పెట్టి చూపిస్తే చర్యావేగం పాఠం పిల్లలకు జన్మలో మరిచిపోలేనంతగా ఎక్కుతుంది. నిర్వచనం బట్టీ పట్టిస్తే ఎక్కదు.

కొళాయి తిప్పకముందే ట్యాంకు కారిపోవడం కూడా ఉంది. దానికి కారణం తేమ. నీటి ఆవిరి ప్లాస్టిక్‌లోంచి మెల్లగా లోపలికి చేరి, వెలుగేమీ రాకుండానే ఎస్టరును విరిచేస్తుంది. అల్యూమినియం పొర సంచి అందుకే. సంచికి పిన్ను గుచ్చి గోడకు తగిలించారంటే పని అయిపోయినట్టే. సీలు చెడకుండా ఉంటే మంచి రకాలు నాలుగేళ్ల వరకు నిలుస్తాయి. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే చేతి కడియాల రకానికి ఒక్కోదానికి విడి సంచి ఉండదు, వాటిని నమ్ముకోవద్దు. ఎండలో నిలిపిన కారులో, డాబా కప్పు కింది అటక మీద పెట్టొద్దు. పడకగది బీరువా కింది అరలో స్టీలు డబ్బా మేలు. ఈశాన్య రుతుపవనాలు రాకముందు, సెప్టెంబరులో, ఒకటి విరిచి చూడండి. మసకగా వెలిగితే ఆ మూట మార్చేయండి.

రంగు ఆకుపచ్చే తీసుకోండి. చీకటికి అలవాటుపడిన కంటిలోని దండకణాలు 507 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి బాగా స్పందిస్తాయి. 9,10-బిస్(ఫినైల్‌ఎథినైల్)ఆంత్రసీన్ అనే రంగు పదార్థం ఇచ్చే పచ్చదనం దానికి దగ్గర. ఎరుపు ఆ కంటికి దాదాపు ఆనదు.

15 సెంటీమీటర్ల స్టిక్కును మెట్ల మలుపులో రెయిలింగుకు మోకాలి ఎత్తున కట్టాలి. కళ్లెత్తున కడితే వెలుగు కంట్లో పడి మెట్టు కనబడదు. వెనకాల వంటింటి ఫాయిలు ముక్క చుడితే వృథాగా పోయే వెలుగు ముందుకు తిరుగుతుంది. నీటికి పైనున్న చివరి పొడి మెట్టుకు ఒకటి ఉండాలి; నీరు పెరిగితే అదీ పైకి జరగాలి. మూత లేచిన మ్యాన్‌హోల్ దగ్గర వెదురుకర్రకు కట్టి నిలబెట్టండి.

గ్యాస్ వాసన వస్తే స్విచ్చి, అగ్గిపుల్ల ముట్టకుండా గ్లో స్టిక్కు వెలుగులో రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చేయాలి.

గొట్టం చిట్లి ద్రవం కంట్లో పడితే పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడిగి డాక్టరుకు చూపించాలి. ఆ ద్రావకం వార్నిష్‌నీ కొన్ని ప్లాస్టిక్‌లనీ మెత్తబరుస్తుంది కాబట్టి కళ్లద్దాల మీద, ఫోను మీద పడితే వెంటనే తుడిచేయాలి. వాడేసిన స్టిక్కులో గాజు ముక్కలుంటాయి. కోయకుండా, మందపాటి కాగితంలో చుట్టి పారేయండి.