పగలకుండా బయటికొచ్చిన గాజు బాగున్నట్టేనా? గాజు నగల పనిలో అపోహలు – వాస్తవాలు

"కిల్న్‌లకెళ్లి తీసినప్పుడు మంచిగనే ఉండె సార్. పది రోజులకు అల్మారిల పెట్టింది పెట్టినట్టే పలిగింది, ఎవ్వలు ముట్టలే." ఇంట్లో కిల్న్, అంటే గాజును కరిగించే కరెంటు కొలిమి, పెట్టుకుని గాజు లాకెట్లు, పూసలు చేసుకునేవాళ్లు నల్లగొండ నుంచి అడిగినా, వనపర్తి నుంచి అడిగినా మాట ఇదే. కారణాలు మాత్రం తలా ఒకటి చెప్తారు. గాజు నకిలీదంటారు, ఎండలు ముదిరాయంటారు, దిష్టి తగిలిందంటారు. ఇవేవీ కావు. ఆ లాకెట్టు కిల్న్ తలుపు తీసిన రోజుకే పాడై ఉంది, కంటికి కనబడలేదంతే.

అపోహ: కిల్న్‌లో నుంచి పగలకుండా వచ్చిందంటే పని బాగా కుదిరినట్టే.

వాస్తవం: ఈ పనిలో డబ్బును, ఓపికను అన్నిటికంటే ఎక్కువగా తినేది ఈ ఒక్క నమ్మకమే. గాజు లోపల బిగిసిపోయిన ఒత్తిడి ఆ రోజే పగులు చూపించాలని లేదు. వారం ఆగొచ్చు, ఏడాది ఆగొచ్చు. ఏసీ గదిలో నుంచి ఎండలోకి వెళ్లినప్పుడో, కమ్మ చేతిలో నుంచి జారి మంచం మీద పడినప్పుడో విడిపోతుంది. షెల్ఫులో పెట్టే బొమ్మ అయితే పోనీ అనుకోవచ్చు. మెడకు, చెవికి వేసుకునే వస్తువు పలిగితే ఆ అంచు చర్మానికి తగులుతుంది. ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టి అమ్మేవాళ్లు ఈ సంగతి తప్పకుండా పట్టించుకోవాలి.

ఒత్తిడి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, కలవని గాజులను కలపడం. రెండోది, అనీలింగ్, అంటే గాజును ఒక వేడి దగ్గర ఆపి మెల్లగా చల్లార్చడం, సరిగా లేకపోవడం.

కిటికీ అద్దం ముక్క మీద పలిగిన మట్టిగాజుల ముక్కలు పేర్చి, పైన సీసా పెంకు పెట్టి కరిగిస్తే రంగురంగుల లాకెట్టు వస్తుందని వీడియోల్లో చూపిస్తారు. రావడమైతే వస్తుంది. అది ఎన్నాళ్లుంటుందో ఆ వీడియోలో ఉండదు. గాజు వేడికి ఎంత సాగుతుందో చెప్పే అంకె ఒకటుంది. ఫ్యూజింగ్ గాజులు, అంటే కిల్న్‌లో కరిగించి అతికించేవి, 90, 96 అని దొరుకుతాయి. పూసలు చేసే గాజు కడ్డీలు, అంటే రాడ్లు, ఎక్కువగా 104. ల్యాబు సామానుకు వాడే బోరోసిలికేట్ గాజు 33. కిటికీ అద్దం 85కు అటూ ఇటూ. మట్టిగాజు ముక్కలది, సీసాలది ఎంతో వాటి మీద రాసి ఉండదు. 90 అంటే ఒక్కో డిగ్రీకి పది లక్షల వంతుల్లో తొమ్మిది వంతులు సాగే గాజు. ఐదు సెంటీమీటర్ల లాకెట్టులో 90ని, 104ని కలిపారనుకోండి. గట్టిపడ్డ చోటి నుంచి 500 డిగ్రీలు చల్లారేసరికి ఒకటి రెండోదానికంటే మిల్లీమీటర్‌లో ముప్పయ్యో వంతు ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది. అతుక్కుపోయి ఉన్నాయి కాబట్టి ముడుచుకోలేదు. ఆ లాగుడంతా లోపలే ఉండిపోతుంది. వెంట్రుక మందం కూడా లేని ఆ తేడాకు ఆరు మిల్లీమీటర్ల గాజు రెండు ముక్కలవుతుంది.

అంకె ఒకటే అయితే కలుస్తుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. కరిగినప్పుడు గాజు ఎంత చిక్కగా ఉంటుందన్నదీ లెక్కలోకి వస్తుంది. కంపెనీ పరీక్షించి 'కంపాటిబుల్' అని అమ్మేవి వాడండి. లేదంటే ఒకే షీటులో నుంచి కోసిన ముక్కలే వాడండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది అద్దాల షాపుకు వెళ్లమనే. కటింగ్‌లో మిగిలిన 3 ఎం.ఎం., 4 ఎం.ఎం. ముక్కలు వాళ్లకు చెత్తే. ఒకే షీటు ముక్కలు విడిగా అడిగి తెచ్చుకోండి, పెన్నుతో గుర్తు పెట్టుకోండి. సీసాలైతే ఒక్కో సీసాను దానితో అదే కలపాలి. పచ్చ సీసా, గోధుమరంగు సీసా ఒకే కంపెనీవైనా కలపొద్దు.

ఇక అనీలింగ్. గాజు పైభాగం ముందు చల్లారి గట్టిపడుతుంది, లోపలిది వెనకబడుతుంది. ఆ తేడా సర్దుకునేదాకా గాజును ఒకే వేడి దగ్గర ఆపాలి. 3 ఎం.ఎం. కిటికీ అద్దం రెండు పొరలతో, అరచేతిలో సగం ఉండే లాకెట్టుకు ఈ పద్ధతి పనికొస్తుంది:

– గంటకు 150 డిగ్రీల చొప్పున 540 దాకా, అక్కడ 20 నిమిషాలు
– గంటకు 250 చొప్పున 830 దాకా, అక్కడ 10 నిమిషాలు
– ఆపైన మూత తెరవకుండా కిల్న్ దిగినంత వేగంగా 540కి
– 540 దగ్గర గంటసేపు
– గంటకు 80 చొప్పున 430 దాకా, 150 చొప్పున 370 దాకా
– తర్వాత స్విచ్ ఆఫ్. లోపల 50 డిగ్రీలకు వచ్చేదాకా మూత జోలికి పోవద్దు

మీ కిల్న్‌లో వేడిని కొలిచే థర్మోకపుల్ పది, ఇరవై డిగ్రీలు అటూ ఇటూ చూపించొచ్చు. కాబట్టి 830 దగ్గర అంచులు గుండ్రంగా తిరగకపోతే మీ కిల్న్‌కు 840 పెట్టుకోండి. 90 ఫ్యూజింగ్ గాజుకు అనీలింగ్ వేడి వేరు: 6 ఎం.ఎం. మందానికి 482 దగ్గర గంట. 104 పూసల రాడ్లకు 510 దగ్గర. ఒక గాజు లెక్క ఇంకో గాజుకు పనికిరాదు. మందం రెట్టింపైతే ఆపే సమయం రెట్టింపు చేసి ఊరుకోకూడదు, దిగే వేగం కూడా తగ్గించాలి.

మన వైపు దీనికి తోడు కరెంటు సమస్య ఒకటి. మండు వేసవిలో సాయంత్రం పూట వోల్టేజీ 230 నుంచి 190కి పడితే కిల్న్‌కు అందే శక్తి మూడింట రెండొంతులే. కంట్రోలర్ 830 చూపించడానికి గంట బదులు రెండు గంటలు తీసుకుంటుంది. ఆ పాకుడంతా 700, 800 మధ్య జరుగుతుంది కాబట్టి కిటికీ అద్దం మీద తెల్లని పొర, అదే డెవిట్, కట్టేస్తుంది. ఫైరింగ్ రాత్రి పది తర్వాతో తెల్లవారుజామునో మొదలుపెట్టండి. 15 ఆంప్స్ ప్లగ్గుకు విడిగా వైరు లాగించండి. మధ్యలో గాలిదుమారం వచ్చి కరెంటు పోతే కంగారు పడి మూత తీయొద్దు. కిల్న్ తన వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. కరెంటు వచ్చాక కంట్రోలర్ ఎంత చూపిస్తోందో అక్కడి నుంచి గంటకు 100, 150 డిగ్రీల చొప్పున 540కి ఎక్కించి గంట హోల్డ్ మళ్లీ మొదలుపెట్టండి. చాలాసార్లు ముక్క దక్కుతుంది.

ఒత్తిడి ఉందో లేదో కళ్లతో చూడొచ్చు, ఖర్చేం లేదు. లాప్‌టాప్‌లో తెల్ల పేజీ తెరవండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను స్క్రీన్ ముందు మెల్లగా తిప్పితే ఒకచోట స్క్రీన్ నల్లబడుతుంది. అక్కడ ఆపి, స్క్రీన్‌కూ కళ్లద్దాలకూ మధ్య లాకెట్టు పెట్టండి. అంతా నల్లగానే ఉంటే ఒత్తిడి లేనట్టు. రంగు ముక్క చుట్టూ, ముఖ్యంగా దాని మూలల దగ్గర, తెల్లటి వెలుగు కనిపిస్తే ఆ రెండు గాజులూ ఒకదానికొకటి పడలేదు. రంగు ముక్కలతో పనిలేకుండా అంచు వెంబడో నడిమధ్యనో వెలుగు కనిపిస్తే అనీలింగ్ చాలలేదు. వెలుగు చొరని గాజుకు ఈ పరీక్ష కుదరదు, దాని చుట్టూ ఉన్న రంగులేని గాజులో చూడాలి. కొత్త గాజు తెచ్చినప్పుడల్లా ఒక గాజు పట్టీ మీద సెంటీమీటరు ముక్కలు దూరం దూరంగా పెట్టి కరిగించి ఇలా చూడండి. పక్కనే ముక్కలేవీ పెట్టని ఉత్త పట్టీ ఒకటి ఉండాలి. అందులోనూ వెలుగు కనిపిస్తే తప్పు గాజుది కాదు, మీ అనీలింగ్‌ది.

ఇప్పటికే పలిగిన ముక్క ఉంటే పారేయకముందు పగులును చూడండి. రంగు ముక్క అంచు వెంటే చీలిక నడిస్తే కలవని గాజు. కొడవలిలా వంపు తిరిగి చివర కొక్కెంలా మళ్లితే అనీలింగ్ లోపం. పగులు అంచులు కరిగి నున్నగా ఉంటే వేడెక్కేటప్పుడే పలిగింది, అంటే మొదట్లో తొందరపడ్డారు. అంచులు కత్తిలా ఉండి తిన్నగా పలిగితే దిగేటప్పుడు చల్లగాలి తగిలింది. కిల్న్ ఉన్న గదిలో ఎయిర్ కూలర్ పెట్టి, ఎంతయిందో చూద్దామని మూత ఎత్తేవాళ్లకు వచ్చే పగులు ఇదే.

ఇది చదివి, చేసినవన్నీ పోయినట్టేనా అని బెంగపడకండి. గాజులు కలిసేవే అయి, అనీలింగ్ ఒక్కటే తప్పిందంటే ఆ వస్తువును కాపాడుకోవచ్చు. చల్లగా ఉన్న ముక్కలన్నీ కిల్న్‌లో పేర్చి, గంటకు 100 డిగ్రీల చొప్పున ఎక్కించి, హోల్డ్ చేసి, పైన చెప్పినట్టే దింపండి. ఆకారం మారదు. కలవని గాజులకు మాత్రం ఏ వైద్యమూ లేదు.

అపోహ: టార్చ్ (గ్యాస్ మంట) మీద చేసిన పూసను వేడి ఊక బూడిదలో పాతిపెడితే అనీలింగ్ అయినట్టే.

వాస్తవం: కాదు. బూడిద అయినా, ఇసుక అయినా, వేడిని ఆపే వర్మిక్యులైట్ పలుకులయినా పూసను మెల్లగా చల్లారుస్తాయంతే. హోల్డ్ అనేది అక్కడ లేదు. ఆ రోజు పలగకుండా గట్టెక్కించడానికి బూడిద మంచిదే. తర్వాత పూసలన్నీ కలిపి కిల్న్‌లో 510 దగ్గర గంట ఉంచండి. పైన ఫ్యాను తిరుగుతుంటే మాత్రం బూడిదలోకి వెళ్లేలోపే పూస చిట్లుతుంది.

అపోహ: మన ఫ్లోరైడ్ నీళ్లతో కడిగితే గాజు మసకబారుతుంది.

వాస్తవం: మర్రిగూడ, మునుగోడు వైపు ఇళ్లల్లో ఈ మాట ఎక్కువ వినిపిస్తుంది. ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన మనుషులను కళ్లారా చూసిన ఊళ్లు ఫ్లోరైడ్ పేరెత్తితే బెదరడంలో తప్పు లేదు. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మనిషి ఎముకకు ముప్పు. గాజుకు మాత్రం ఆ కొద్దిపాటి ఫ్లోరైడ్ ఏమీ చేయదు. గాజును తినేది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, అది వేరే సంగతి. మసకకు అసలు కారణం బోరు నీళ్ల కరుకుదనం. నీటిచుక్క ఆరాక మిగిలే తెల్ల ఉప్పు మరక మీదే డెవిట్ పుడుతుంది. బోరు నీళ్లతో కడిగినా ఫర్వాలేదు. చివరిసారి ఆర్.ఓ. నీళ్లతో కడిగి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడవండి.

పనిలో పనిగా గాజు మీద మంచు డిజైన్ల కోసం యాసిడ్ తెచ్చేవాళ్లకు ఒక మాట. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌ను ఇంట్లోకి తేవొద్దు, ఎంత తక్కువైనా సరే. చర్మం మీద పడితే మొదట మంట కూడా తెలియకపోవచ్చు. లోపలికి దిగి ఒంట్లో కాల్షియాన్ని లాగేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఎచింగ్ క్రీముల్లోనూ ఆ జాతి రసాయనాలే ఉంటాయి. గ్లవ్స్, కళ్లజోడు లేకుండా ముట్టొద్దు, పిల్లలకు అందనీయొద్దు. ఎమరీతోనో డ్రెమెల్ (చేతిలో పట్టుకునే చిన్న గ్రైండర్) బిట్‌తోనో నీళ్లు పోస్తూ గీస్తే అదే మంచు వస్తుంది.

అపోహ: టార్చ్ దగ్గర మామూలు చలువ కళ్లద్దాలు చాలు.

వాస్తవం: చాలవు. మంటలో సోడా గాజు నుంచి పసుపు మెరుపు లేస్తుంది, దాన్ని కోసేవి డిడిమియం అద్దాలు. అవి లేకపోతే పూస ఎక్కడుందో కనబడదు, వంగి మంట దగ్గరికి మొహం పెడతారు. నల్లటి వెల్డింగ్ అద్దాలు మెత్తటి గాజుకు, అంటే తక్కువ వేడికే కరిగే ఈ సోడా గాజుకు, అక్కర్లేదు, వాటితో రంగులే తెలియవు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలబారున నిలుస్తుంది. సిలిండర్ గది బయట ఉండాలి, గొట్టానికి ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్, అంటే మంట వెనక్కి పాకకుండా ఆపేది, ఉండాలి.

అపోహ: ఇది విదేశీ హాబీ, మన వైపు ఎవరు చేశారు?

వాస్తవం: సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఇక్ష్వాకుల సీసపు నాణేల కుండ దొరికిన తవ్వకాల్లోనే గాజు పూసలూ దొరికాయి. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో గాజు గొట్టం లాగి పూసలు కోసే పని తరతరాలది. ఎవరినీ అడిగి మొదలుపెట్టాల్సిన పని లేదు.

మిగతావి చకచకా. టఫెన్డ్ గ్లాస్ కట్టర్‌కు తెగదు, పొడిపొడిగా రాలుతుంది. పాత షవర్ తలుపు, కారు పక్క అద్దం తెచ్చుకోవద్దు. కట్టర్‌తో ఒకే గీత గీయాలి. అదే గీత మీద రెండోసారి నడిపితే చక్రమూ పోతుంది, గాజూ ఎటుపడితే అటు పోతుంది. మార్కెట్లో దొరికే అక్రిలిక్ గ్లాస్ పెయింట్ కిల్న్‌లో కాలిపోతుంది, కాల్చడానికి ఎనామెల్ పొడులే పనికొస్తాయి. మైక్రోవేవ్ కిల్న్‌లో రెండు మూడు సెంటీమీటర్ల ముక్క దాకా ఫర్వాలేదు, కానీ గంటసేపు మూత ఎత్తొద్దు. ఆ మైక్రోవేవ్‌లో మళ్లీ అన్నం వేడి చేయొద్దు. గాజు అంటుకోకుండా పలక మీద పూసే కిల్న్ వాష్ పొడి గీకేటప్పుడు, వేడికి తట్టుకునే సిరామిక్ ఫైబర్ కోసేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి, చీపురు పట్టొద్దు.

లాకెట్టు కొక్కెం ఊడిపోతోందని అడిగేవాళ్లకు: చిటికెలో అతికే జిగురు గాజు మీద పెళుసుగా మారి ఊడుతుంది. గాజు వెనకవైపు అతికే చోటును, కొక్కెం అడుగును 220 ఎమరీతో గరుకు చేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత వేలు తగలనీయకండి. రెండు ట్యూబుల ఎపాక్సీ సమానంగా తీసుకుని బాగా కలిపి, పలుచగా రాసి, బరువు పెట్టి 24 గంటలు వదిలేయండి. చెవి కొక్కేలు 92.5 వెండివో సర్జికల్ స్టీలువో కొనండి. చవక కొక్కేల్లోని నికెల్‌కు చాలామంది చెవులు పుండు పడతాయి.