చెరువు అక్కర్లేని కలువ

చిన్నారులకు,

కలువ అనగానే మీ కళ్ళ ముందు చెరువు మెదులుతుంది కదా? లోతు నీళ్ళు, పైన పళ్ళేల్లా పరుచుకున్న ఆకులు. కానీ ఒక కలువకు చెరువే అక్కర్లేదు. పేరు నింఫియా థెర్మారం. కలువలన్నిటిలోకీ చిన్నది. దాని ఆకు కొన్నిసార్లు సెంటీమీటరే, అంటే మీ బొటనవేలి గోరంత! ఆకుకు ఒక పక్క కాడ దాకా చీలిక ఉంటుంది. తామరాకుకు ఆ చీలిక ఉండదు. ఈ రెంటినీ పెద్దవాళ్ళు కూడా కలగలిపేస్తుంటారు, మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

1980లలో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ ఫిషర్‌కు ఇది ఆఫ్రికాలోని రువాండాలో, మషూజా అనే చోట వేడినీటి ఊట పక్కన కనిపించింది. ఊట దగ్గర నీళ్ళు కాలిపోతుంటాయి. అక్కణ్ణించి పారి, చల్లారి, గోరువెచ్చనయ్యాక తడిపిన బురదలో ఇది పెరిగేది. ఫిషర్ కొన్ని మొక్కల్ని జర్మనీలోని బాన్ వృక్షోద్యానానికి చేర్చారు. ఎంత మంచి పని చేశారో తర్వాత తెలిసింది. ఊట నీటిని మనుషులు తమ వాడకానికి మళ్ళించుకున్నారు, బురద ఎండిపోయింది. 2008 నాటికి ఆ నేల మీద ఒక్క మొక్కా మిగల్లేదు.

బాన్‌లో ఉన్నవి పూశాయి, విత్తనాలూ ఇచ్చాయి. విత్తనాలు మొలిచేవి, మొలకలు చచ్చిపోయేవి. లండన్‌లోని క్యూ ఉద్యానంలో కార్లోస్ మాగ్దలేనా అనే తోటమాలి కొన్ని విత్తనాలు తీసుకుని ఎన్ని రకాలుగానో ప్రయత్నించాడు. నీటి వేడి మార్చాడు, లోతు మార్చాడు. ఊహూఁ, బతకలేదు.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మామూలు కలువ విత్తనం నీటి అడుగున మొలుస్తుంది. తొలి ఆకులు నీళ్ళలోనే ఉండి, అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌తో ఆహారం వండుకుంటాయి. నీళ్ళలో ఆ వాయువు గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది, అందుకే ఆకులకు కొంచెమే అందుతుంది. మామూలు కలువలు ఆ కొంచెంతోనే సర్దుకుంటాయి. మన చిన్నది బురద మీద పుట్టిన పిల్ల, దానికి గాలి తగలాలి. మనల్ని నీళ్ళలో ముంచితే ఊపిరాడనట్టే దానికీ! ఈ సంగతి తట్టగానే మాగ్దలేనా కుండీని నీటి మట్టానికి సరిగ్గా సమానంగా పెట్టి, నీటిని 25 డిగ్రీల దగ్గర ఉంచాడు. మొలకలు నిలబడ్డాయి. 2009 నవంబరులో తెల్లటి పువ్వు పూసింది, మధ్యలో పసుపు పచ్చటి కేసరాలు. పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుందట.

అంత కష్టపడి బతికించిన వాటిలో ఒకదాన్ని 2014 జనవరిలో ఎవరో క్యూ నుంచి దొంగిలించుకుపోయారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది.

అయితే 2023లో రువాండాలోనే కొన్ని మొక్కలు మళ్ళీ కనబడ్డాయి! ఆ వార్త చదివిన రోజు మీ నాయనమ్మకు రెండుసార్లు వినిపించాను. ఈసారైనా ఆ ఊట నీళ్ళు వాటి వేళ్ళ దాకా పారతాయా అన్నదే ఇప్పుడు నా టెన్షన్.

ప్రేమతో,
మీ తాతయ్య