నూటికి ఎంత పడుతోందో ముందు లెక్కేయండి

చిరంజీవులు పిల్లలిద్దరికీ పెద్దమ్మ ఆశీస్సులు.

బాచుపల్లిలో ఫ్లాటు ఖాయం చేసుకున్నారని, బ్యాంకు 50 లక్షలు ఇస్తానందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఇరవై ఏళ్లకు తీసుకోవాలా, ముప్పై ఏళ్లకా అని మీ ఇద్దరి మధ్యా వాదన నడుస్తోందట. ఈఎంఐ ఐదు వేలు తగ్గుతుందని ముప్పై వైపే మొగ్గుతున్నారని కూడా విన్నాను. లోన్ల సెక్షన్లో కూర్చుని జీతం తిన్నదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ ఐదు వేల సంగతి చూద్దాం. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 50 లక్షలు ఇరవై ఏళ్లకైతే ఈఎంఐ 43,391 రూపాయలు. ముప్పై ఏళ్లకైతే 38,446. మొదటిదాంట్లో మొత్తం వడ్డీ 54 లక్షల చిల్లర, రెండోదాంట్లో 88 లక్షల పైచిలుకు. నెలకి ఐదు వేలు మిగుల్చుకోవడానికి 34 లక్షలు ఎక్కువ కట్టాలన్నమాట. బ్యాంకు వాళ్లని వాయిదాల పట్టిక అడిగి తీసుకుని మొదటి వరుస చదవండి. 43,391లో వడ్డీకి పోయేది 35,417, అసలులో తగ్గేది 7,974. మొదటి కొన్నేళ్లూ దాదాపు ఇదే వరస.

'ముప్పై ఏళ్లకు తీసుకుని మధ్యలో ఎక్కువ కట్టేస్తాం పెద్దమ్మా' అంటారు, తెలుసు. వడ్డీ మారే రకం ఇంటి లోనుకి, మీ సొంత పేర్ల మీద తీసుకున్నదైతే, ముందుగా కట్టినందుకు జరిమానా లేదు. కాబట్టి లెక్క ప్రకారం మీ మాట సరైనదే. కానీ అలా అనుకున్నవాళ్లలో నిజంగా కట్టినవాళ్లను తక్కువమందిని చూశాను. ఈ దసరాకి కారు, వచ్చే జూన్‌లో స్కూలు ఫీజు, ఆ పైన ఎవరిదో పెళ్లి. అందుకే ఇరవైకే తీసుకోండి. బోనస్ వచ్చినప్పుడు ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కడితే మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుంది. అదనంగా కట్టిన ప్రతిసారీ 'ఈఎంఐ తగ్గించొద్దు, గడువు తగ్గించండి' అని రాసివ్వండి. నోటిమాటగా చెప్పి వచ్చేయొద్దు.

మీరు అసలు భయపడాల్సింది ఇంటి అప్పుకి కాదు. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకి ఎన్ని రూపాయలని చెప్పుకుంటాం కదా, మీ అప్పులన్నీ ఒకసారి ఆ లెక్కలోకి మార్చి కాగితం మీద పెట్టండి. ఎనిమిదిన్నర శాతం ఇంటి లోను అంటే నూటికి 71 పైసలు. పర్సనల్ లోను రూపాయి, రూపాయీ పావలా. క్రెడిట్ కార్డులో మినిమమ్ డ్యూ మాత్రమే కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డుల మీద మూడున్నర రూపాయల దాకా పడుతుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. కలిపితే నాలుగు రూపాయలు దాటింది! నాలుగు రూపాయల వడ్డీకి అప్పు చేశానని తెలిస్తే మీ తాతయ్య ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. కార్డు మీదైతే ఎవరికీ సిగ్గనిపించదు, అదే వింత.

చిట్టీ సంగతి కొంచెం వేరు. అందులో వడ్డీ అని ఎక్కడా రాసి ఉండదు, పాటలో వదులుకున్న డబ్బే వడ్డీ. ఐదు లక్షల చిట్టీని మొదటి నెలల్లోనే లక్షన్నర వదులుకుని పాడుకున్నారంటే, చేతికొచ్చిన మూడున్నర లక్షల మీద ఎంత పడుతోందో లెక్కేయండి. చిట్టీలు చెడ్డవని కాదు, రిజిస్టరైన చోట పొదుపు కోసం వేసుకుంటే మంచివే. ఫ్లాటు అడ్వాన్సు కోసం తొందరపడి పాడుకుంటేనే దెబ్బ.

మీరు జాగ్రత్త పడాల్సింది ఆ అడ్వాన్సు దగ్గరే. 62.5 లక్షల ఫ్లాటుకి బ్యాంకు 80 శాతమే ఇస్తుంది. మిగతా పన్నెండున్నర లక్షలు మీవి. రిజిస్ట్రేషన్ ఖర్చులు తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే 4 లక్షల 69 వేలు. ఇంకా కడుతున్న బిల్డింగ్ అయితే 5 శాతం జీఎస్టీ, మరో 3 లక్షల 12 వేలు. కప్‌బోర్డులు, కిచెన్, ఫాల్స్ సీలింగ్ సరేసరి. అన్నీ కలిపి తడిసి మోపెడవుతుంది. ఈ లోటు పూడ్చడానికి పర్సనల్ లోను తీసుకుంటేనే సంసారం కిందామీదా అవుతుంది. చేతిలో అంత లేకపోతే ఏడాది ఆగండి, లేదా చిన్న ఫ్లాటు చూసుకోండి. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు ఫాల్స్ సీలింగ్ చూసి రెండు నిమిషాలు మెచ్చుకుంటారు, అంతే.

తమ్ముడు ప్రీ-లాంచ్ అంటూ, అంటే అనుమతులు రాకముందే అమ్మే ఫ్లాట్ల కోసం తిరుగుతున్నాడట, వాడికీ చదివి వినిపించండి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం కింద ఇచ్చే నంబరు లేకుండా అమ్మకానికి పెట్టడమే చట్టవిరుద్ధం. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.

వడ్డీ రేటు మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. 2021లో 6.7 శాతానికి 50 లక్షలు ఇరవై ఏళ్లకు తీసుకున్నవాళ్ల ఈఎంఐ 37,869. రేటు 9.2 అయ్యాక, మిగిలిన 47.5 లక్షల మీద నెల వడ్డీయే 36,417! పాత ఈఎంఐతోనే లాగితే ఇంకో 35 ఏళ్లు. ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అని బ్యాంకు మిమ్మల్ని అడిగి తీరాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ మెసేజ్ వస్తే ప్రకటన అనుకుని తుడిచేయకండి. రేటు తగ్గినప్పుడు మాత్రం ఈఎంఐ తగ్గించుకోకండి, పాతదే కట్టండి.

ఇన్‌కమ్ టాక్స్ మిగులుతుంది కదా అనే మాట నమ్ముకోవద్దు. మీరుండే ఇంటి వడ్డీకి రెండు లక్షల మినహాయింపు పాత పద్ధతిలోనే, కొత్తదాంట్లో లేదు. లోనుతో పాటు అంటగట్టే ఇన్సూరెన్సు ప్రీమియాన్ని అప్పులో కలపనివ్వకండి, విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి.

ఆదివారం మల్కాజిగిరి వచ్చేటప్పుడు శాంక్షన్ లెటరు, ఇద్దరి కార్డు స్టేట్‌మెంట్లు, చిట్టీ పాసుబుక్కు తీసుకురండి. దాచిపెట్టకుండా అన్నీ తేవాలి. భోజనం ఇక్కడే.

మీ పెద్దమ్మ