సాయం తీరానికి వచ్చింది, అనుమతి రాలేదు

2008 మే 2న నర్గీస్ తుపాను మయన్మార్‌లోని ఐరావతి డెల్టాను ముంచేసింది. చనిపోయినవాళ్లు, జాడ తెలియనివాళ్లు కలిపి దాదాపు 1.38 లక్షల మంది. ఆ తర్వాత అమెరికా నౌక ఎసెక్స్, ఫ్రాన్స్ నౌక మిస్ట్రాల్ సాయంతో వచ్చి తీరానికి కాస్త దూరంలో లంగరేసుకుని ఎదురుచూశాయి. సైనిక ప్రభుత్వం రానివ్వలేదు. చివరికి మిస్ట్రాల్ తన సరుకును థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో దించేసి వెళ్లింది. ఎసెక్స్ జూన్ మొదట్లో వెనుదిరిగింది. ఇంత జరుగుతున్నా జనరళ్లు మే 10న కొత్త రాజ్యాంగంపై రెఫరెండం మాత్రం ఆపలేదు. బాగా దెబ్బతిన్న చోట్ల రెండు వారాలు వాయిదా వేశారంతే.

కాదనే హక్కు వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? బాధిత దేశం ఒప్పుకుంటేనే, సాధారణంగా అది అడిగితేనే సాయం అందించాలని 1991 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 46/182 తీర్మానంలో రాసుకుంది. అంతర్జాతీయ సహాయ వ్యవస్థ మొత్తానికీ ఇప్పటికీ ఇదే పునాది.

ఈ చరిత్రలో చాలా భాగం మన బంగాళాఖాతం చుట్టూనే తిరుగుతుంది. 1970 నవంబరులో భోలా తుపాను నాటి తూర్పు పాకిస్తాన్‌లో 3 నుంచి 5 లక్షల మందిని పొట్టనబెట్టుకుంది. పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ ప్రభుత్వం కదలడానికే ఆలస్యం చేసింది. భారత్ హెలికాప్టర్లు పంపుతానంటే ససేమిరా అంది. మరుసటి నెల ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ పార్టీ అవామీ లీగ్ ఘనవిజయం సాధించింది, మరుసటి ఏడాదే యుద్ధం, బంగ్లాదేశ్ పుట్టుక. సాయాన్ని కాదన్న పాలకులకు ఇంతకంటే పెద్ద శాస్తి మరెక్కడా జరగలేదేమో. విపత్తు సాయాన్ని సమన్వయం చేసే తొలి ఐరాస కార్యాలయం 1971 చివర్లో పుట్టింది. 1991 ఏప్రిల్‌లో అదే తీరాన్ని మరో తుపాను కొట్టి సుమారు 1.38 లక్షల మందిని చంపింది. ఈసారి ఢాకా ఒప్పుకుంది. గల్ఫ్ యుద్ధం ముగించుకుని ఇంటిదారి పట్టిన అమెరికా నౌకాదళం దారి మళ్లి వచ్చి, రోడ్లు తెగిన దీవులకు హెలికాప్టర్లలో తిండి, నీళ్లు చేరవేసింది.

ఇక 2004 సునామీ. ఈసారి గుమ్మాలు బార్లా తెరిచారు, దాంతో వేరే తలనొప్పి మొదలైంది. ఇండోనేషియాలోని ఆచేకు దాదాపు 4,000 టన్నుల మందులు వచ్చిపడ్డాయి. చాలా పెట్టెల మీద స్థానికులకు రాని భాషలో రాసి ఉంది, కొన్నిటికి ఎక్స్‌పైరీ కూడా దాటిపోయింది. వాటిని పారేయడానికి మళ్లీ వేరే ఖర్చు! విరాళాలు ఎంతగా పోటెత్తాయంటే, సునామీకి వచ్చిన డబ్బు చాలు, ఇక పంపొద్దని డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థే చెప్పింది. అవసరం ఎంతో కొలిచేలోపే టీవీలో చూసి చలించినవాళ్ల డబ్బు చేరిపోయింది.

భారత్ వైఖరి మారింది కూడా అప్పుడే. 1993 లాతూర్, 2001 గుజరాత్ భూకంపాలకు విదేశాల సాయం తీసుకున్న దేశం, సునామీకి మాత్రం మా సంగతి మేం చూసుకోగలమంది. మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విదేశీ ప్రభుత్వాల సాయం వద్దంటూనే శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేషియాలకు నౌకలు పంపింది. ఆంధ్రప్రదేశ్ సహా మన తీరంలోనూ వేల మంది పోయిన సమయమది. పెద్ద దేశంగా కనిపించాలన్న ఆరాటం ఆ నిర్ణయంలో కొంత ఉందనే నా అభిప్రాయం. కానీ ఆ నౌకలు నిజంగానే వేగంగా చేరాయి, వాళ్లకు పనికొచ్చాయి. నర్గీస్ అప్పుడూ అంతే: పాశ్చాత్య నౌకలకు తలుపు మూసిన జనరళ్లు భారత నౌకలు రాణా, కిర్పాన్‌లను మొదట్లోనే యాంగాన్‌కు రానిచ్చారు. మే 23న ఐరాస ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ స్వయంగా వెళ్లి సైనిక పాలకుడు థాన్ ష్వేను కలిశాకే మిగతా సహాయ సిబ్బందికి దారి దొరికింది. అదీ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ మధ్యవర్తిత్వంతో.

2018 వరదల్లో కేరళకు ఇదే విధానం అడ్డొచ్చింది. యూఏఈ 700 కోట్లు ఇస్తానందని ముఖ్యమంత్రి చెప్పారు, అంత మొత్తం ఏదీ ప్రకటించలేదని తర్వాత యూఏఈ రాయబారి అన్నారు. కేంద్రం మాత్రం ఉన్న విధానం ప్రకారం విదేశీ ప్రభుత్వాల సాయం తీసుకోబోమని తేల్చేసింది. 2016 జాతీయ విపత్తు ప్రణాళికలో ఉన్నది చూస్తే ఇంత కఠినం కాదు: మనంతట మనం అడగం, సానుభూతితో తమంతట తామే ఇస్తే కేంద్రం తీసుకోవచ్చు. అయితే ఆ నిర్ణయంలో మునిగిన రాష్ట్రానికి ఓటు లేదు.