మూడు రెట్ల ఒళ్లున్నా మూడు రెట్ల బరువు ఎత్తలేరు

పాతబస్తీ తాలింఖానాల (కుస్తీ నేర్పే వ్యాయామశాలల) చుట్టుపక్కల పెరిగినవాళ్లకి పహిల్వాన్ అనగానే ముందు గుర్తొచ్చేది అతని ఒళ్లు. ఒళ్లు ఎంతుంటే బలం అంత అనే లెక్క హైదరాబాద్‌లో ఇంకా బలంగానే ఉంది. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు మన ఊళ్లోనే జరిగాయి. అక్కడి ఎనిమిది ఆటల్లో వెయిట్‌లిఫ్టింగ్ ఒకటి. ఆ రోజుల్లో మగవాళ్ల చివరి విభాగం 105 కిలోలు దాటినవాళ్లది. పై హద్దు లేని విభాగం అదొక్కటే కాబట్టి ఎంత భారీ మనిషికైనా అందులో చోటుంటుంది. మరి పెరిగిన ప్రతి కిలో బలంగా మారుతుందా?

టర్కీ లిఫ్టర్ నయీమ్ సులేమనోగ్లు 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో పోటీ చేసి, క్లీన్ అండ్ జెర్క్‌లో (కడ్డీని ముందు భుజాల మీదకి తెచ్చి, తర్వాత తల పైకి తోసే పద్ధతి) 190 కిలోలు ఎత్తాడు. అంటే తన బరువుకి మూడు రెట్ల పైనే. జార్జియాకి చెందిన లాషా తలఖాడ్జే 2021లో తాష్కెంట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్నాచ్ (కడ్డీని నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తే పద్ధతి) 225, క్లీన్ అండ్ జెర్క్ 267, మొత్తం 492 కిలోలతో ప్రపంచ రికార్డు పెట్టాడు. అతని ఒళ్లు సుమారు 180 కిలోలు. తన బరువుకి ఒకటిన్నర రెట్లు కూడా కాలేదన్నమాట.

కండ బలం దాని మందాన్ని బట్టి, అంటే అడ్డంగా కోస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. పొడవు, వెడల్పు, మందం ఒకే నిష్పత్తిలో పెరిగి మనిషి మూడు రెట్లు బరువైతే, బలం 2.08 రెట్లే అవుతుంది. ఆ లెక్కన చూసినా నయీమ్ 190 లాషాకి 395 కావాలి. 267 దగ్గరే ఎందుకు ఆగింది?

కొంత జవాబు కాళ్ల దగ్గర ఉంది. క్లీన్‌లో, అంటే కడ్డీని భుజాల మీదకి తెచ్చే దశలో, గొంతుకూర్చుని పైకి లేచేటప్పుడు కడ్డీతో పాటు సొంత ఒంటినీ మోయాలి. నయీమ్ కాళ్ల మీద ఇంచుమించు 250 కిలోలు, లాషా కాళ్ల మీద 447. ఇలా కూడితే తేడా బాగా తగ్గుతుంది. మిగిలిన తేడాలో పెద్ద వాటా కొవ్వుది. అది బరువే కానీ బలం కాదు. కండ పెంచాలంటే దండిగా తినాలి, తింటే కొవ్వూ వస్తుంది. కింది విభాగాలవాళ్లు తూకం యంత్రానికి భయపడి దాన్ని కరిగించుకుంటారు. పై హద్దు లేని విభాగంలో ఆ టెన్షన్ లేదు. పైగా భారీ ఒళ్లు కడ్డీ లాగుడుకి ఎదురు తూకంగా నిలబడి, లిఫ్టర్‌ని ముందుకి తూలనివ్వదు.

ఇంతవరకూ చదివితే ఇదంతా మోటు బలం ఆట అనిపించొచ్చు. నేను ఒప్పుకోను. స్నాచ్‌లో కడ్డీని ఎవరూ తల పైదాకా లాగరు. మేటి లిఫ్టర్ల చేతుల్లో కూడా దాని గరిష్ఠ వేగం సెకనుకి రెండు మీటర్ల లోపే ఉంటుంది. 1.7 మీటర్లు అనుకుందాం. 225 కిలోలు ఆ వేగంతో పైకి పోతున్న క్షణంలో లిఫ్టర్ చూపే సామర్థ్యం దాదాపు 3,750 వాట్లు, అంటే అపార్ట్‌మెంట్ సంపు దగ్గరుండే ఒక హెచ్‌పీ మోటార్లు ఐదు కలిపి తిరిగినంత. అంత చేసినా, లాగడం ఆపాక కడ్డీ ఇంకో 15 సెంటీమీటర్లే లేస్తుంది. ఆ కాస్త వ్యవధిలో 180 కిలోల మనిషి కడ్డీ కిందకి దూరి కూర్చోవాలి.

ఊరికే పడితే సరిపోదు. గురుత్వాకర్షణ 0.3 సెకన్లలో 44 సెంటీమీటర్లే దించుతుంది. అందుకే లిఫ్టర్ కడ్డీనే పట్టుగా చేసుకుని తనని తాను కిందకి లాక్కుంటాడు. కడ్డీ ఎంత బరువైతే ఆ పట్టు అంత గట్టిగా ఉంటుంది. లాషా ఆటలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఈ చురుకుదనమే. అంత ఒంటితో అంత వేగంగా కిందకి దిగడం మామూలు విషయం కాదు.

భుజాల మీంచి తల పైకి తోసే జెర్క్‌లో ఇంకో సూక్ష్మం ఉంది. మగవాళ్ల కడ్డీ పొడవు 2.2 మీటర్లు, మందం 28 మిల్లీమీటర్లు, బరువు 20 కిలోలు. 267 కిలోల ఎత్తులో మిగతా 247 కిలోలూ రెండు చివర్లకి వేలాడుతుంటాయి. మోకాళ్లు వంచి టక్కున ఆగగానే చివర్లు కిందకి వంగి, తిరిగి పైకి ఎగురుతాయి. సరిగ్గా ఆ ఎగురుతో కలిసి తొయ్యాలి. తేలిక విభాగాల్లో కడ్డీ ఇంతగా వంగదు. హెవీవెయిట్‌లకి మాత్రం ఇది పెద్ద సాయం. కాస్త ముందుగా తోసినా, ఆలస్యంగా తోసినా ఆ ఊపు లిఫ్టర్ మీదకే తిరుగుతుంది.