టాలరు నిలిచింది, చిల్లర చెడింది: 1619–23 జర్మన్ నాణేల సంక్షోభం వెనుక

1619–23 మధ్య జర్మన్ రాజ్యాల్లో చిల్లర నాణేల విలువ కుప్పకూలింది. దీన్ని ముప్పై ఏళ్ల యుద్ధం ఖాతాలో వేసేయడం పరిపాటి. యుద్ధం ఆజ్యం పోసిన మాట నిజమే, కానీ అసలు లోపం ఈ రాజ్యాలన్నిటికీ కలిపి చేసిన 1559 ఆగ్స్‌బర్గ్ నాణేల శాసనంలోనే ఉంది.

1566లో ఆ శాసనం టాలరు అనే పెద్ద వెండి నాణేనికీ చోటిచ్చింది. కొలోన్ మార్కు అనే తూకం, అంటే సుమారు 233.9 గ్రాముల మేలిమి వెండికి 9 టాలర్లు. ఒక్కోదాని బరువు 29.2 గ్రాములు, అందులో వెండి దాదాపు 26. విలువ 68 క్రాయ్ట్సర్లు, అంటే చిల్లర నాణేలు. చిక్కల్లా ఆ క్రాయ్ట్సర్‌తోనే. కడ్డీ పోయాలి, రేకు సాగగొట్టాలి, బిళ్లలు కత్తిరించాలి, అచ్చు వేయాలి. టాలరుకు ఈ పని ఒక్కసారి చేస్తే సరి, అంతే విలువ చిల్లరగా కొట్టాలంటే 68 సార్లు. శాసనమేమో చిల్లరలోనూ ఇంచుమించు అంతే వెండి ఉండాలంది. సొంత గనులు లేక వెండిని బజారు ధరకు కొనే పాలకుడు చట్టం పాటిస్తే మిగిలేది నష్టమే.

1570లో స్పైయర్‌లో జరిగిన సామ్రాజ్య సభ ఒక్కో మండలానికి (కొన్ని రాజ్యాల సమూహానికి) మూడు నాలుగు టంకశాలలు చాలని, గనులున్నవారికి మినహాయింపని తీర్మానించింది. నమూనా నాణేలను పరీక్షకు పంపే ఏర్పాటూ ఉంది. అయినా టంకశాలలు గుత్తేదారుల చేతుల్లోకి పోయాయి. వాళ్లకు కావలసింది కౌలు సొమ్ముకు మించిన లాభం.

చిన్న నాణేలను విడివిడిగా తూచేవారు కాదు, మార్కుకు ఇన్ని అని లెక్కపెట్టేవారు. అందువల్ల కొన్ని బరువు, కొన్ని తేలిక. దళారి తక్కెడలో వేసి బరువైనవి ఏరేవాడు. వాటిని కరిగించి, రాగి కలిపి, మళ్లీ కొట్టించేవారు. బిళ్లలను ఉప్పు, ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే పుల్లటి మడ్డి కలిపిన నీళ్లలో మరిగిస్తే, చింతపండుతో తోమిన రాగిచెంబులా పైపొర రంగు మారుతుంది: పైనున్న రాగి కరిగిపోయి వెండి తెల్లగా తేలుతుంది. నాలుగు చేతులు మారగానే లోపలి ఎరుపు బయటపడేది.

1622లో కొన్ని దక్షిణ నగరాల్లో టాలరు ధర దాదాపు 600 క్రాయ్ట్సర్లకు చేరింది. పన్నులు చెడ్డ నాణేల్లోనే వచ్చి పడేసరికి పాలకులకూ తెలివొచ్చింది. 1623లో 90 దగ్గర ఆపారు.

చిల్లర తయారీ ఖర్చుకు మాత్రం అప్పుడూ దారి చూపలేదు. 1667లో జిన్నా ఒప్పందంతో సాక్సనీ, బ్రాండెన్‌బర్గ్‌లు మార్కు మేలిమికి, తొమ్మిది కాదు, పదిన్నర లెక్కటాలర్ల (లెక్కకు మాత్రమే వాడే టాలర్ల) విలువైన నాణేలు కొట్టుకోవచ్చని ఒప్పుకున్నాయి. 1690లో లైప్‌జిగ్ ఒప్పందం దాన్ని 12కు పెంచింది.