మత్తడి ఎక్కడ దుంకుతుందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ఫోన్ మ్యాపులో మా వీధి దగ్గర వాగూ లేదు, నాలా లేదు. వాన గట్టిగా కొడితే మోకాలి లోతు నీళ్లు మా గేటు ముందే ఆగుతాయి. ఎందుకు?"

ఫోన్ మ్యాపులో రోడ్లు, షాపులు, గుళ్లు ఉంటాయి. నీళ్లు వాటిని చూసి పోవు, ఎత్తుపల్లాలను బట్టి పోతాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ తన 11 రోజుల యాత్రలో రాడార్‌తో ఆ ఎత్తులనే కొలిచింది. సుమారు 30 మీటర్ల గడికి ఒక అంకె చొప్పున ఉన్న ఆ పట్టికను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దాన్ని మ్యాపుగా చూపి లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే.

నాకు బాగా నచ్చే సంగతి ఇక్కడే ఉంది. ప్రతి గడి తన చుట్టూ ఉన్న ఎనిమిది గడులను చూసి, ఎటు ఎక్కువ వాలు ఉంటే అటు నీళ్లు వదులుతుంది. మన గడి ఎత్తు 268 మీటర్లు, తూర్పు గడి 264, ఆగ్నేయపు గడి 263 అనుకుందాం. ఆగ్నేయమే పల్లం కదా అనిపిస్తుంది. కానీ మూలకు దూరం 30 కాదు, 42.4 మీటర్లు. 4ను 30తో భాగిస్తే 0.133, 5ను 42.4తో భాగిస్తే 0.118. నీళ్లు తూర్పుకే పోతాయి. ఈ లెక్క అన్ని గడులకూ చేశాక, ఒక్కో గడిలోకి పైనుంచి ఎన్ని గడుల నీళ్లు వస్తున్నాయో కూడుతారు. 1000 అని వస్తే, దాదాపు 222 ఎకరాల వాన అక్కడికి చేరుతున్నట్టు. బడిలో మ్యాపులకు రంగులు వేయించే బదులు ఈ కూడిక ఒక్కసారి చేయిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

చుట్టూ ఎత్తుండి మధ్యలో గుంత ఉంటే లెక్క అక్కడే ఆగిపోతుంది. గుంతను కొలతలో వచ్చిన తప్పని అనుకుని, అంచులో అతి తక్కువ ఎత్తున్న చోటు దాకా నింపెయ్యడం సాఫ్ట్‌వేర్ పద్ధతి. నీళ్లు ఆ చోటు నుంచే బయటికి దారి తీస్తాయి. ఈ మాట చదివిన వరంగల్ మనిషికి వెంటనే మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొంగిపోయే అలుగు, గుర్తురావాలి! ఇక్కడ గుంత తప్పు కాదు, చెరువు. రామప్ప, పాకాల, లక్నవరం కట్టిన కాకతీయుల కాలం నుంచీ పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండే గొలుసుకట్టు మనది. అందుకే ఇక్కడ గుంతలను కళ్లు మూసుకుని నింపకూడదు. ముందు చెరువుల హద్దులతో పోల్చి చూసుకోవాలి.

ప్లాటు కొనేవాళ్లు ఈశాన్యం పల్లంగా ఉందా అని వాస్తు చూస్తారు. ప్లాటు వాలు సరే, మొత్తం కాలనీ నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరూ అడగరు. పాత చెరువు శిఖంలోనో (నీళ్లు నిలిచే నేలలోనో), రెండు చెరువుల మధ్య కాలువ దారిలోనో ఇల్లు ఉంటే ఏ మూల పల్లమైనా నీళ్లు రాక మానవు.

ఒక జాగ్రత్త. ఆ రాడార్ చాలాచోట్ల ఇళ్ల కప్పులనూ చెట్ల తలలనూ కూడా నేలగానే కొలిచింది. నాలుగు మీటర్ల వెడల్పు చెరువు కట్ట 30 మీటర్ల గడిలో కలిసిపోతుంది. కాబట్టి వీధి సంగతి తేల్చడానికి ఈ పట్టిక చాలదు. మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపు తెచ్చి, వీధి పై చివర నుంచి మీ గేటు దాకా, అక్కడి నుంచి కింది చివర దాకా పదేసి మీటర్లకు ఒకసారి నేల ఎత్తులు రాయండి. గేటు దగ్గర నేల ఎత్తు రెండు వైపులకన్నా తక్కువ వస్తే మీ గుంత దొరికినట్టే. నీళ్లు మళ్లీ ఏ వైపు నుంచి బయటపడతాయో చూసి, మోరీ అటే తవ్వించమని అడగండి.